400 ఇన్ 1 గేమ్ బాక్సు రివ్యూ: మారియోలో తప్పులు సరిగ్గా వస్తున్నాయా?

ఆన్‌లైన్‌లోనూ బొమ్మల కొట్లలోనూ వెయ్యి రూపాయల లోపు దొరికే చేతి గేమ్ బాక్సులు ఇప్పుడు లెక్కలేనన్ని. మూడంగుళాల తెర, బీఎల్-5సీ బ్యాటరీ, టీవీకి పెట్టుకునే ఏవీ కేబుల్, పైన "400 ఇన్ 1" అని పెద్ద అక్షరాలు. అట్ట మీద పేరు మారుతూ ఉంటుంది గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే: 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రాన్ని ఒకే చిప్పులోకి కుదించిన నకలు. అందులోని ఆటలకు లైసెన్సు ఉండదు. ఆ సంగతి తెలిసే కొనాలి.

ఈ బాక్సుల మీద వచ్చే రివ్యూలు బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఎన్ని ఆటలున్నాయి అన్న దగ్గరే ఆగిపోతాయి. పాత ఆటలు తెలిసినవాళ్లకు కావలసింది వేరు. ఆట అసలు యంత్రం మీద నడిచినట్టే నడుస్తోందా లేదా? దీన్ని తేల్చడానికి మంచి కొలబద్ద 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆటలోని ప్రోగ్రామ్ తప్పులే, అంటే గ్లిచ్‌లే. నకలు చిప్పు తయారుచేసినవాళ్లు ఆట మొదటి నుంచి చివరిదాకా నడిచిందా అని చూసి ఊరుకుంటారు. తప్పులు మాత్రం చిప్పు మూలమూలనా సరిగ్గా ఉంటేనే బయటపడతాయి. తప్పు తప్పుగానే వచ్చిందంటే యంత్రం నమ్మకమైనదన్నమాట.

ముందు వాచీ పట్టుకోండి

అన్నిటికన్నా తేలికైన పరీక్ష ఆట వేగం. మారియోలో పైన కనిపించే టైమ్ సెకన్లు కాదు. ప్రతి 24 ఫ్రేములకు (తెరను ఒకసారి గీస్తే ఒక ఫ్రేము) ఒక అంకె తగ్గుతుంది. అసలు అమెరికా, జపాన్ యంత్రాలు సెకనుకు దాదాపు 60 ఫ్రేములు గీస్తాయి కాబట్టి 100 అంకెలు తగ్గడానికి 40 సెకన్లు పట్టాలి. 1-1, అంటే మొదటి వరల్డ్‌లోని మొదటి లెవల్, మొదలుపెట్టి మారియోను కదపకుండా నిలబెట్టండి. టైమ్ 380 దగ్గర ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి 280 దగ్గర ఆపండి. 40 సెకన్లు వస్తే సరే. 48 వస్తే ఆ బాక్సు 50 ఫ్రేముల మీద నడుస్తోంది.

మన దేశంలో టీవీ ప్రసారాలు పాల్ పద్ధతిలో, అంటే 50 హెర్ట్జ్‌లో నడిచాయి. తొంభైల్లో ఇక్కడ అమ్మిన "టీవీ వీడియో గేమ్" నకళ్లలో ఎక్కువ దానికి తగ్గట్టు కట్టినవే. ప్రాసెసర్ వేగం దాదాపు అసలుదే ఉంచి, తెర మాత్రం 50 ఫ్రేములకు దించారు. దాంతో శ్రుతి ఇంచుమించు మారదు గానీ మారియో పరుగు, పాట నడక రెండూ ఆరో వంతు మందగిస్తాయి. 8-1లో టైమ్ చాలక చచ్చే ఆటగాడికి ఇది పెద్దగా ఒరగబెట్టదు, ఎందుకంటే టైమ్ కూడా అదే లెక్కన నెమ్మదిస్తుంది. కానీ గెంతు ఎప్పుడు నొక్కాలన్నది చేతికి ఆ వేగంలోనే అలవాటై ఉంటుంది. అప్పట్లో క్యాసెట్లు పెట్టి ఆడినవాళ్లకు 60 ఫ్రేముల బాక్సు ఇస్తే ఆట పరుగెత్తిపోతున్నట్టు అనిపిస్తుంది. అది బాక్సు తప్పు కాదు. ఈ రివ్యూలోని బాక్సు సొంత తెర మీద 40 సెకన్ల దగ్గరే ఉంది.

రంగు, తెర

ఆకాశం రంగు చూడండి. అసలు యంత్రంలో అది శుద్ధ నీలం కాదు, కాస్త ఊదా కలిసిన నీలం. నిజానికి ఈ యంత్రానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో రాసిపెట్టిన రంగుల పట్టిక లేదు. అది నేరుగా వీడియో సంకేతాన్నే తయారుచేస్తుంది, దాన్ని రంగుగా మార్చేది టీవీ. అందుకే ఒక్కో టీవీలో ఒక్కోలా కనబడేది. అయినా దేనికైనా హద్దుంటుంది కదా. ఈ బాక్సులో ఆకాశం లేత నెమలికంఠం వైపు జారింది, మారియో చొక్కా గోధుమ ఛాయ పోయి పచ్చబడింది. మేఘాలు, నేల మీది పొదలు ఒకే బొమ్మ అని అందరికీ తెలిసిందే. రంగులు మాత్రమే మార్చి రెండు చోట్లా వాడారు, ఎందుకంటే బొమ్మలన్నిటికీ కలిపి క్యాసెట్‌లో ఉన్న చోటు 8 కిలోబైట్లే. మొత్తం ఆటే 40 కిలోబైట్లు.

తెర విషయంలో మాత్రం ఈ బాక్సుకు మార్కులు వేయలేం. అసలు బొమ్మ వెడల్పు 256 చుక్కలు, ఈ తెర వెడల్పు 320. నాలుగు చుక్కలను ఐదు చుక్కల్లోకి సాగదీయాలి కాబట్టి ప్రతి నాలుగో నిలువు వరుస రెండుసార్లు గీస్తుంది. నిలబడి ఉన్నప్పుడు తెలియదు. మారియో పరుగెత్తగానే ఇటుకల నిలువు గీతలు ఒకసారి సన్నగా, ఒకసారి లావుగా అవుతూ అల్లాడతాయి. దీన్ని గేమ్‌లోని గ్లిచ్ అనుకుని బాక్సు మార్చుకునేవాళ్లున్నారు. అదే రకం ఇంకోటి తెచ్చినా అంతే. ఏవీ కేబుల్‌తో టీవీకి పెడితే ఈ అల్లాట చాలావరకు పోతుంది.

స్కోరు పట్టీ కింద దాగిన చుక్క

మారియో పరుగెత్తుతుంటే కింద లోకమంతా జరుగుతుంది, పైన స్కోరు, నాణేలు, టైమ్ ఉన్న పట్టీ మాత్రం కదలదు. యంత్రానికి తెరను రెండు ముక్కలు చేయడం చేతకాదు. దానికి ఆటగాళ్ల కంటపడని ఉపాయం ఒకటి ఉంది. పట్టీలోని చిన్న నాణెం బొమ్మ కింది భాగంలో కదిలే బొమ్మల్లో మొదటిదైన సున్నా నంబరు స్ప్రైట్ దాగి ఉంటుంది. తెర గీస్తూ గీస్తూ ఆ స్ప్రైట్ చుక్క వెనక నేపథ్యం చుక్కతో కలిసిన క్షణాన వీడియో చిప్ ఒక గుర్తు లేపుతుంది. ప్రోగ్రామ్ ఆ గుర్తు కోసం కాచుకుని ఉండి, రాగానే తెరను జరిపే అంకె మార్చేస్తుంది. ఆ గుర్తు రాకపోతే ప్రోగ్రామ్ అక్కడే కాచుకుని ఉండిపోతుంది, ఆట బిగుసుకుపోతుంది. కాబట్టి మారియో మొదలైందంటే ఈ పని జరుగుతున్నట్టే. కాస్త ముందూ వెనకా అయినా, ఆ విడిపోయే చోట ఖాళీ ఆకాశమే ఉంది కాబట్టి కంటికి ఆనదు.

మైనస్ వరల్డ్

ఇక అసలు పరీక్ష. 1-2 చివర, బయటికి వెళ్లే పైపు దగ్గర మారియో పెద్దగా ఉండాలి. పైపు పైన కప్పుకున్న ఇటుకల్లో గోడకు ఆనుకున్న కుడి చివరిది వదిలేసి, దాని పక్కనున్న రెండూ పగలగొట్టండి. పైపు ఎడమ అంచున ఎడమ వైపు ముఖం పెట్టి నిలబడండి. కిందికి నొక్కి వంగి గెంతండి, గాలిలో ఉండగా కుడికి నొక్కండి. మిగిలిన ఇటుకకూ గోడకూ మధ్య మూలలో తగిలితే మారియో గోడలోంచి కుడికి జారిపోయి, ముందు వరల్డ్‌లకు అడ్డదారి పైపులుండే వార్ప్ జోన్‌లో తేలతాడు. మొదటిసారే పడదు. ఎక్కువగా జరిగే పొరపాటు అంచు నుంచి మరీ లోపలికి నిలబడటం, రెండోది కుడికి ముందే నొక్కేయడం. ఆట మారియో ఒళ్లంతా తడిమి చూడదు. తల, పాదాలు, పక్కలు అని కొన్ని చుక్కల దగ్గరే గోడ ఉందా అని చూస్తుంది, ఇరుక్కుంటే పక్కకు నెడుతుంది. వంగి గెంతినప్పుడు ఆ చుక్కలు తప్పు చోట పడి, నెట్టుడు గోడలోకే సాగుతుంది.

లోపలికి వెళ్లాక తొందరపడి కుడికి పరుగెత్తకండి. "వెల్‌కమ్ టు వార్ప్ జోన్" అన్న అక్షరాలు రాకముందే ఎడమ పైపులోకి దిగాలి. నల్ల తెర మీద వరల్డ్ అన్న మాట పక్కన ఖాళీ, గీత, 1 కనబడతాయి. అందుకే దానికి మైనస్ వరల్డ్ అని పేరొచ్చింది.

నిజానికి అది మైనస్ ఒకటి కాదు, 36-1. ఆటలో వార్ప్ పైపుల పట్టిక మూడు వరుసలు: 4, 3, 2 ఒకటి, 4-2లోని ఒంటి పైపు కోసం 5 ఉన్నది ఒకటి, 8, 7, 6 ఇంకొకటి. అక్షరాలు వచ్చినప్పుడే ఏ వరుస వాడాలో నిర్ణయమవుతుంది. అంతకన్నా ముందే పైపులో దిగితే రెండో వరుస చేతికొస్తుంది. ఆ వరుసలో 5కి అటూ ఇటూ పైపులు లేవు కాబట్టి వాటి అంకె కనబడకుండా 36వ బొమ్మ పెట్టారు. ఆటలోని బొమ్మల వరుసలో 0 నుంచి 9 దాకా అంకెలు, 10 నుంచి 35 దాకా ఇంగ్లిష్ అక్షరాలు, 36 ఖాళీ గడి. ప్రోగ్రామ్ ఆ 36నే వరల్డ్ నంబరు అనుకుంటుంది. నడిమి పైపులో దిగితే 5-1కి వెళ్తారు. ఎడమ పైపుతో 36కీ నడిమి పైపుతో 5కీ రెండూ సరిగ్గా వెళ్తే మీ బాక్సులోని మారియో చెయ్యిపెట్టని మారియోనే.

లోపల ఉన్నది 2-2, 7-2ల నీటి లెవలే. చివరి పైపులో దిగితే మళ్లీ మొదటికే. టైమ్ అయిపోయి చావడం తప్ప దారి లేదు, కాబట్టి లైఫ్‌లు పెంచుకుని వెళ్లినా ప్రయోజనం లేదు. 1986లో జపాన్‌లో డిస్కు మీద వచ్చిన మారియోలో మాత్రం అదే దారిన వెళ్తే మూడు వింత లెవల్స్ వస్తాయి, మూడోది దాటితే ఆట గెలిచినట్టే లెక్క. ఈ బాక్సుల్లో ఉండేది క్యాసెట్ రకం. డిస్కు రకం చూడాలంటే కంప్యూటర్‌లో పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్, అంటే ఎమ్యులేటరే గతి.

కిరీటం, అక్షరాలు

3-1 చివరి మెట్ల దగ్గర రెండు తాబేళ్లు దిగుతూ వస్తాయి. మొదటిదాన్ని వదిలేసి, రెండోది మెట్టు మీద ఉండగా తొక్కితే డొప్ప మెట్టుకు కొట్టుకుని తిరిగొస్తుంది. మారియో దాని మీదే ఎగురుతూ ఉంటాడు. 100 నుంచి 8000 దాకా పాయింట్లు పెరిగాక ఇక ప్రతి తొక్కుడుకూ ఒక లైఫ్. లైఫ్‌ల సంఖ్య పదికి చేరగానే పదుల స్థానంలో అంకెకు బదులు కిరీటం బొమ్మ వస్తుంది. 20కి కిరీటం పక్కన ఇంగ్లిష్ అక్షరం ఏ, 21కి బీ. కారణం పైన చెప్పిన బొమ్మల వరుసే. ఆట ఒక్కసారే పది తీసేసి మిగిలింది నేరుగా బొమ్మ నంబరుగా గీసేస్తుంది. 46 దగ్గర కిరీటం పక్కన ఖాళీ వస్తుంది, అది మైనస్ వరల్డ్‌లో కనబడిన 36వ ఖాళీయే. ఆ తర్వాత ఇటుక ముక్కలు, పైపు ముక్కలు వస్తాయి.

ఆశకు పోకండి. లైఫ్‌ల లెక్క 127 దాటితే యంత్రం దాన్ని రుణ సంఖ్యగా చదువుతుంది, తర్వాత చచ్చిన మొదటిసారికే గేమ్ ఓవర్. అయినా కంగారు అక్కర్లేదు: టైటిల్ తెర మీద ఏ బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే చచ్చిన వరల్డ్ మొదటి లెవల్ నుంచి మొదలవుతుంది. ఈ బాక్సులో రీసెట్ నొక్కితే 400 ఆటల మెనూకి పోతుంది, దాంతో ఆ సౌకర్యం పోతుంది. అందుకే గేమ్ ఓవర్ అయ్యాక రీసెట్ జోలికి పోవద్దు.

చిన్న మంటల మారియో కూడా ఈ బాక్సులో వచ్చాడు. పెద్ద మారియోతో 1-4 చివర శత్రువు బౌజర్‌నూ వంతెన చివరి గొడ్డలినీ ఒకే క్షణంలో తాకాలి. దెబ్బ తగిలింది గనుక లెక్కలో చిన్నవాడవుతాడు, కుంచించుకుపోయే బొమ్మ మాత్రం నడిచేలోపే లెవల్ ముగుస్తుంది. తర్వాతి లెవల్‌లో చూపుకు పెద్దవాడు, లెక్కకు చిన్నవాడు. పుట్టగొడుగు తింటే బొమ్మ తిరగబడి చిన్నవాడిలా కనబడతాడు, ఆపైన పువ్వు దొరికితే పొట్టి మారియో నిప్పులు విసురుతాడు. విసిరిన ఆ ఒక్క క్షణం పెద్ద బొమ్మ తళుక్కుమంటుంది.

మారియో 3లో కుడి అంచు

ఇదే బాక్సులో సూపర్ మారియో బ్రదర్స్ 3 (1988) పెడితే కుడి అంచున ఇటుకలు, పొదలు ఒక క్షణం వేరే రంగులో వచ్చి సర్దుకుంటాయి. బాక్సు పాడైందని ఫిర్యాదులు ఎక్కువ వచ్చేది దీని గురించే. ఇది అసలు నింటెండోలోనూ ఉంది. వీడియో మెమరీ 2 కిలోబైట్లే, అంటే రెండు తెరలకు సరిపడా. ఈ ఆట పక్కకూ పైకీ జరుగుతుంది, రెండు తెరలను ఒకదాని కింద ఒకటి పేర్చుకుంది. దాంతో ఎడమ అంచున పోతున్న వరుస, కుడి అంచున వస్తున్న వరుస మెమరీలో ఒకే చోట ఉంటాయి. బొమ్మను 8 చుక్కల చొప్పున మార్చొచ్చు గానీ రంగు మాత్రం 16 చుక్కల గడి మొత్తానికి ఒకటే. ఎడమ 8 చుక్కలను ఆటే మూసేసింది. కుడివైపుది పాత గాజు టీవీల అంచు చాలావరకు మింగేసేది. ఇప్పటి చదును తెరలు ఆఖరి చుక్క దాకా చూపిస్తాయి కాబట్టి బయటపడింది.

ఇందులో నిజంగా పరీక్షించదగ్గది ప్రశ్నార్థకం పెట్టె లోంచి పుట్టగొడుగు లేవడం. అది పెట్టె వెనక నుంచి లేచినట్టుండాలి. ఇందుకోసం ఆట ముందు వరుస నంబరున్న ఒక స్ప్రైట్‌ను నేపథ్యం వెనక పెట్టి, దానితో పుట్టగొడుగు కింది భాగాన్ని కప్పుతుంది. స్ప్రైట్ల మధ్య ముందు వెనకలను సరిగ్గా చూడని చిప్పులో పుట్టగొడుగు పెట్టె ముందు అతికించినట్టు కనబడుతుంది. ఈ బాక్సు ఇందులో పాసైంది. కింది స్కోరు పట్టీ మీద మాత్రం ఒక గీత సన్నగా వణుకుతోంది. అసలు క్యాసెట్‌లో గీతలు లెక్కపెట్టడానికి ఎంఎంసీ3 అనే చిప్ విడిగా ఉండేది, ఇక్కడ దాని లెక్క కాస్త తేడాగా ఉంది.

మెరుపులు, చప్పుడు

మెగా మ్యాన్ ఆటల్లో శత్రువులు గుమిగూడితే బొమ్మలు మిణుకుమిణుకుమంటాయి. ఒక అడ్డగీతలో ఎనిమిది స్ప్రైట్లకు మించి యంత్రం గీయలేదు. ఒక్కో స్ప్రైట్ వెడల్పు 8 చుక్కలే కాబట్టి మారియోలాంటి బొమ్మకు గీతకు రెండు పడతాయి. నలుగురు ఒకే ఎత్తులో నిలబడితే ఐదోవాడికి చోటు లేదు. ఎప్పుడూ ఒకడే మాయం కాకుండా ఆట ప్రతి ఫ్రేముకూ వరుస మారుస్తుంది, అదే ఆ మిణుకు. ఎమ్యులేటర్లలో ఈ హద్దు తీసేసే సెట్టింగు ఉంటుంది. ఊరికే తీసేయకండి. క్యాసిల్‌వేనియా 2 ఆటలో బురదలో హీరో నడుము కింది భాగం మునిగినట్టు కనబడటానికి ఈ ఎనిమిది హద్దునే వాడుకున్నారు. హద్దు తీస్తే కాళ్లు బురద మీదే తేలతాయి.

చప్పుడులో ఈ బాక్సు తప్పింది. చాలా నకలు చిప్పుల్లో చతురస్ర తరంగపు రెండు రకాలు, 25 శాతానిదీ 50 శాతానిదీ (ఒక్కో అలలో పైస్థాయి ఎంత వంతు ఉంటుందన్న లెక్క), తారుమారుగా ఉంటాయి. స్వరం సరైనదే, గొంతు మారుతుంది: సన్నగా ఉండాల్సింది బోలుగా, బోలుగా ఉండాల్సింది సన్నగా. తొంభైల నకళ్లలోనూ ఇదే జబ్బు ఉండేది. కాబట్టి ఆ క్యాసెట్లతో పెరిగిన చెవికి ఈ బాక్సు చప్పుడే అసలుదనిపించొచ్చు, ఎమ్యులేటర్ పెడితే పరాయిగా అనిపించొచ్చు.

కొనాలా?

పిల్లలకు ఆడుకోవడానికి, మైనస్ వరల్డ్ చూపించడానికి చాలు. 400 సంఖ్యను మాత్రం పట్టించుకోకండి. అవే ఆటలు పేరు మార్చుకుని, మధ్య లెవల్ నుంచి మొదలయ్యేలా మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. తెర, రంగు, చప్పుడు ముఖ్యమనుకుంటే 2016లో నింటెండోనే తెచ్చిన ఎన్ఈఎస్ క్లాసిక్ ఎడిషన్ అనే చిన్న గేమ్ యంత్రం చాలా మేలు. 30 ఆటలే అయినా మారియో 1, 3, మెగా మ్యాన్ 2, క్యాసిల్‌వేనియా 2 అందులో ఉన్నాయి, హెచ్‌డీఎంఐ ఉంది, చుక్కలను సాగదీయని మోడ్ ఉంది, మైనస్ వరల్డ్ కూడా వస్తుంది. రంగులు కాస్త మసకగా ఉంటాయి, కంట్రోలర్ తీగ మరీ పొట్టి. అది ఇప్పుడు తయారీలో లేదు కాబట్టి పాతది వెతుక్కోవాలి. అచ్చం దానిలాగే కనబడే "620 ఇన్ 1" డబ్బాలు దాని పేరుతో అమ్ముడవుతున్నాయి. వెనక హెచ్‌డీఎంఐ లేకుండా ఎరుపు, పసుపు ఏవీ తీగలు మాత్రమే ఉంటే అది నింటెండోది కాదు, దానికీ ఈ చేతి బాక్సుకూ లోపల పెద్ద తేడా ఉండదు.

కొట్లో కొంటే డబ్బులిచ్చే ముందు బ్యాటరీ మూత తీసి చూడండి. బీఎల్-5సీ ఉబ్బి ఉంటే మూత సరిగ్గా మూసుకోదు. అలాంటిది తీసుకోకండి.